దీవిలో శనివారం భోజనం

ఆక్లండ్,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

అన్నయ్యకు, వదినకు రాజ్యం నమస్కారాలు.

నేను క్షేమంగా చేరిన సంగతి సాహిత్య ఫోనులో చెప్పింది గానీ నీకు సగమే వినపడి ఉంటుంది. ముప్పయ్యేళ్లు రైస్‌మిల్లు మోతలో గడిపిన చెవులు మరి. అందుకే మనం అనుకున్నట్టు కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తున్నాను. వేళ్లతో పెద్దది చేసుకుని చదువు. నువ్వూ అట్లాగే పంపు. నీ అక్షరం కోడి కెలికినట్టు ఉన్నా నాకు అలవాటే.

ఇక్కడ ఇల్లంతా చెక్క. అర్ధరాత్రి మంచినీళ్లకు లేస్తే ఇల్లంతా కిర్రుమంటుంది. ఇప్పుడు వీళ్లకు ఎండాకాలం. రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, అన్నం తినబుద్ధి కాదు. సాహిత్య ఆసుపత్రి ల్యాబులో పని చేసి సాయంత్రానికి వస్తుంది. కొంచెం ఒళ్లు చేసింది, బాగుంది. వదిన ఇచ్చిన గోంగూర పచ్చడి విమానాశ్రయంలో ఆపుతారేమోనని వణికాను, వాసన చూసి వదిలేశారు.

అసలు సంగతి రాయడానికి చేయి రావడం లేదు.

అల్లుడు తెల్లవారుజామున అయిదు కాకముందే వెళ్లిపోతాడు. ఎరువుల కంపెనీ ఆఫీసు అయిదింటికి తెరుస్తారా? శనివారం కూడా వెళ్తాడు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా, మనిషి వాలిపోయి ఉంటాడు. నన్ను చూడగానే పక్కకు తప్పుకుని స్నానాల గదిలోకి వెళ్తాడు. మొన్న అతని చొక్కా ఉతకడానికి తీశాను. అన్నయ్యా, ఆ వాసన నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లు సాహిత్య నాన్న చొక్కాలు ఉతికినదాన్ని. ఆయన కాలేయం చెడి ఖమ్మం దవాఖానాలో పోయిన రోజున కూడా దుప్పటికి అదే వాసన.

సాహిత్యను ఇంకా ఏమీ అడగలేదు. నీకు కాక ఎవరికి రాయను?

నీ చెల్లెలు
రాజ్యశ్రీ

*

పెనుబల్లి,
11 ఫిబ్రవరి

రాజ్యానికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ వదినకు వినిపించాను. ఆమె వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

నువ్వు తొందరపడకు. ఇప్పుడే ఎవరినీ ఏమీ అడగకు. చొక్కా వాసన ఒక్కటే సాక్ష్యం కాదు. నాగచైతన్యను నేను చూసి తెచ్చాను. అశ్వారావుపేటలో వ్యవసాయ బీఎస్సీ చదివేటప్పుడు అతని గదిలో ఉన్న పిల్లలను అడిగాను, కల్లూరులో వాళ్ల వీధిలో అడిగాను. వాళ్లమ్మ భారతమ్మ తన విత్తనాల దుకాణంలో కూర్చుని, "మా ఇంట్ల సీసా అడుగు పెట్టలేదన్నా" అని నాకు మాట ఇచ్చింది. మీ ఆయన పోయిన నాడే అనుకున్నాను, సీసా ఉన్న ఇంటికి ఈ పిల్లను ఇయ్యనని. ఆ మాట తప్పితే నేను మనిషినే కాను.

ఇక్కడ మిరప కోతలు నడుస్తున్నాయి. కూలీలు దొరకడం లేదు. లంకపల్లి అడవి అంచున మన జీడితోట పూత బాగుంది గానీ కోతులు దిగాయి. వాటి కోసం రోజూ అక్కడికే పోవాల్సి వస్తోంది. అక్కడ సిగ్నల్ అందదని నీకు తెలుసు, జవాబు ఆలస్యమైతే కంగారు పడకు.

కళ్లు తెరుచుకుని చూడు. చూసింది చూసినట్టు రాయి.

మీ అన్నయ్య
వెంకటనారాయణ

*

ఆక్లండ్,
22 ఫిబ్రవరి, శనివారం

అన్నయ్యా,

చూసింది చూసినట్టు రాయమన్నావు. రాస్తున్నాను.

అతని చేతులు చూశాను. అన్నం తినేటప్పుడు వేళ్లన్నీ ఊదా రంగు, గోళ్ల మూలల్లో నలుపు. సబ్బుకు పోని రంగు. ఒకరోజు పెదవులు కూడా అట్లాగే ఉన్నాయి. "ఏంటి బాబూ అది?" అన్నాను. "సిరా అత్తయ్యా, ప్రింటరు చెడిపోయింది" అన్నాడు. పెదవుల మీద సిరా ఎట్లా పడుతుంది?

ఇంటి వెనక చిన్న రేకుల గది ఉంది. చీపురు కోసం వెళ్తే అట్టపెట్టెలో ఇరవై నాలుగు చిన్న సీసాలు. ఒక్కోదాని మీద కాగితం అంటించి నంబరు, తేదీ రాసి ఉంది, అతని చేతిరాతే. ఏ రోజు ఏది తాగాలో రాసి పెట్టుకున్నట్టుంది. మూత తీసి వాసన చూశాను. ఇక అనుమానం లేదు.

ఆ సాయంత్రం సాహిత్యను కూర్చోబెట్టి అడిగాను. అది ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది. "అమ్మా, నువ్వు అనుకునేది కాదు. ఇంకో రెండు వారాలు ఓపిక పట్టు. నీ పుట్టినరోజుకు అన్నీ మేమే చెప్తాం" అంది. దాని నాన్న గురించి నేను కూడా అట్లాగే నవ్వేదాన్ని, నీకు గుర్తుందా? ఇంటికి ఎవరైనా వస్తే, "ఒంట్లో నలతగా ఉండి పడుకున్నారు" అని.

పుట్టినరోజు మార్చి ఎనిమిది, అరవై నిండుతాయి. ఆ రోజు వైహెకె అనే దీవికి తీసుకెళ్తారట. పడవ మీద కాదు, చిన్న విమానం మీద. సముద్రం, చుట్టుపక్కల దీవులు అన్నీ పైనుంచి చూపిస్తూ తీసుకెళ్లి దించుతారట. అక్కడ వైన్ తయారు చేసే చోట మధ్యాహ్నం భోజనం. "చైతూ అక్కడే ఉంటాడు, మనం వెళ్లి కలుస్తాం" అంది. తాగేవాడు తాగే చోటే ఉంటాడు, దానికి నన్ను విమానం ఎక్కించడం దేనికి?

వెళ్లనా, మానుకోనా? తిరిగి వచ్చేయనా?

రాజ్యం

*

పెనుబల్లి,
25 ఫిబ్రవరి

రాజ్యానికి,

వైన్స్‌లో పుట్టినరోజు భోజనమా? మన సెంటర్లో వైన్స్ పక్కన పర్మిట్ రూములో ఉడకబెట్టిన గుడ్లు, శనగలు తినేవాళ్లను చూశాను. ఇంటికి పెద్దదిక్కుగా చూసుకోవాల్సిన అత్తను అరవయ్యో పుట్టినరోజు నాడు అక్కడికి తీసుకెళ్లి అన్నం పెట్టే అల్లుణ్ని ఎక్కడా చూడలేదు. సాహిత్య నవ్విందంటే నాకు ఇంకా భయంగా ఉంది. అది కూడా అలవాటు పడిందా అని మీ వదిన అడుగుతోంది. నేను నోరు మూసుకోమన్నాను గానీ నాకూ ఆ అనుమానమే వచ్చింది.

నువ్వు ఆ విమానం ఎక్కవద్దు. చుట్టూ నీళ్లున్న చోట ఏమన్నా జరిగితే ఎవరిని పిలుస్తావు?

రేపు శివరాత్రి. నీలాద్రి జాతరకు వచ్చే జనం తోటలో పడకుండా చూడాలి, ఈ సాయంత్రమే వెళ్తున్నాను. జాతర అయ్యాక అటునుంచి అటే కల్లూరు పోతాను. ఇచ్చిన మాట ఏమైందని భారతమ్మనే అడుగుతాను. ఇంక ఆగడం నా వల్ల కాదు.

మీ అన్నయ్య

*

ఆక్లండ్,
26 ఫిబ్రవరి

అన్నయ్యా, కల్లూరు వెళ్లవద్దు. నిన్న రాత్రి నాకు కొంచెం జ్వరం తగిలితే ఆ పిల్లవాడు మంచం పక్కనే కుర్చీ వేసుకుని, పనికి వెళ్లే వేళ దాకా కూర్చున్నాడు. తాగిన మనిషి అట్లా కూర్చోలేడు. నాకు ఏమీ అర్థం కావడం లేదు. నేను దీవికి వెళ్తాను, నా కళ్లతో చూస్తాను. అప్పటిదాకా భారతమ్మ గారితో ఒక్క మాట కూడా అనవద్దు. ఇది చూడగానే జవాబు ఇవ్వు.

రాజ్యం

*

పెనుబల్లి,
3 మార్చి, సోమవారం

రాజ్యానికి,

నీ ఉత్తరం చూసేసరికి అంతా అయిపోయింది. తోటలో రెండు రోజులు ఫోను పని చేయలేదు, ఛార్జింగ్ కూడా అయిపోయింది. కల్లూరు నుంచి ఇంటికి వచ్చి ఛార్జింగ్ పెట్టాక అది టింగుమంది.

శుక్రవారం పదకొండింటికి దుకాణానికి వెళ్లాను. నలుగురు రైతులు పురుగుమందుల కోసం నిలబడి ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనే అనుకున్నాను. భారతమ్మ నవ్వుతూ, "రా అన్నా, మజ్జిగ తాగుతవా?" అంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"నీ కొడుకు తాగుతుండని నీకు ఎరుకేనా?" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా, మెల్లగా అన్నానని నేను అనుకునేది వీధి చివరకు వినపడుతుందట. పక్క కొట్టు వాళ్లు బయటికి వచ్చి చూశారు.

ఆమె చేతిలో గ్లాసు అట్లాగే ఉంది. "ఎవరు చూసిండ్రు?" అంది.

"నా చెల్లె చూసింది."

"తాగంగ చూసిందా? వాసన పట్టిందా?"

 సీసాలు, చొక్కాలు, దీవి, అన్నీ కలిపి ఏదో అన్నాను. ఏం అన్నానో నాకే తెలియదు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి మెట్ల మీదికి వచ్చింది.

"అన్నా, నా కొడుకు మూడేండ్లప్పుడు వాళ్ల నాన్న పోయిండు. ఒక్కదాన్నే పెంచిన. ఎవ్వరితో మాట పడలె. ఇయ్యాల పదిమందిల నువ్వు అన్నవు. నువ్వు చెప్పింది నిజమైతే నేనే పోయి కోడల్ని నా ఎంట తెచ్చుకుంట, కొడుకుని వదిలేస్త. అబద్ధమైతే మాత్రం మల్ల నువ్వు ఈ మెట్లు ఎక్కకు."

బస్సు ఎక్కి వచ్చేశాను. మూడు రోజులుగా మీ వదిన నాతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. ఎనిమిదో తారీఖున ఏం చూశావో ఏదీ దాచకుండా రాయి. నిజమైనా సరే, అబద్ధమైనా సరే.

మీ అన్నయ్య

*

ఆక్లండ్,
9 మార్చి, ఆదివారం

అన్నయ్యా,

ముందు ఒక్క మాట చదివి గట్టిగా ఊపిరి పీల్చుకో. మన పిల్ల కాపురం బాగుంది. అల్లుడు తాగుబోతు కాదు. ఇక నిదానంగా చదువు.

నిన్న పొద్దున విమానాల మైదానానికి వెళ్లాం. చిన్న రేకుల షెడ్డు, గడ్డి, ఆరుగురు పట్టే విమానం. ఎక్కేముందు మనుషులను తూచారు! ఖమ్మం యార్డులో మిరప బస్తాను పెట్టినట్టు నన్ను చీరతో సహా కాటా మీద నిలబెట్టారు. నడిపే ఆవిడ మన సాహిత్య కన్నా రెండు మూడేళ్లు పెద్దది. ఆమె పక్క సీట్లో నన్నే కూర్చోబెట్టింది. పులిహోర డబ్బా ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది ఎందుకు తెచ్చానో తెలుసా? ఆ వైన్ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదని.

పైకి లేచాక మొదటి అయిదు నిమిషాలు కళ్లు మూసుకున్నాను. తర్వాత ఆవిడ నా మోచేయి తట్టి కిందికి చూపించింది. నీళ్లు ఒక చోట పచ్చగా, ఒక చోట నీలంగా, ఇసుక దగ్గర పాలు కలిపినట్టు ఉన్నాయి. ఒక చల్లారిన అగ్నిపర్వతం మధ్యలో గుంట పడి, చెట్లతో నిండి నిశ్శబ్దంగా కూర్చుంది. పడవలు తెల్లటి గీతలు గీసుకుంటూ పోతున్నాయి. అంత భయంలోనూ అందం కళ్లకు ఆనింది అన్నయ్యా. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది. నా కూతురి జీవితం ఏమవుతుందో తెలియకుండా నేను సముద్రం చూసి మురిసిపోవడమేంటి అని.

దిగాక చూస్తే చైతన్య నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బూట్లు, బూట్లకు మట్టి, నెత్తిన టోపీ. పక్కన ట్రాక్టరు. ఇంట్లో నేను చూసే మనిషి కాదు అతను. ఆఫీసు చొక్కా వేసుకుని తలుపు చాటున నక్కే మనిషి కాదు.

"అత్తయ్యా, ఇది నా ఆఫీసు" అన్నాడు. 

కొండ వాలు అంతా ద్రాక్ష. పిట్టలు తినకుండా వరుసలకు తెల్లటి వలలు కప్పారు. ఎరువుల కంపెనీ ఉద్యోగం ఎనిమిది నెలల కిందటే మానేశాడట. అద్దాల గదిలో కూర్చుని లెక్కలు చూడలేకపోయాడట. ఇక్కడ తోట చూసే పని దొరికితే చేరాడు. తీగలు కత్తిరించడం, మట్టి పరీక్ష, ఏ వరుస ఎప్పుడు కోయాలో చెప్పడం. తెల్లవారుజాము పడవ పట్టుకుని రావాలి, అందుకే అయిదింటి ప్రయాణం. ఇప్పుడు కోతల కాలం, శనివారం లేదు, ఆదివారం లేదు. ఊదా రంగు ద్రాక్ష తొక్కది. ఆ సీసాలు ఏ వరుస పండు ఎట్లా పులుస్తోందో రాత్రిళ్లు చూసుకోవడానికి ఇంటికి తెచ్చుకున్న నమూనాలు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

సాహిత్య చెప్పింది: "అమ్మా, నాన్న పోయాక బ్రాందీ సీసాలో కిరసనాయిలు పోసిచ్చినా విసిరికొట్టేదానివి. నీ అల్లుడు వైన్ చేసే చోట పని చేస్తాడంటే నువ్వు విమానం ఎక్కేదానివా? కళ్లతో చూపించాలనుకున్నాం."

భోజనానికి చెట్ల కింద బల్ల వేశారు. శనివారం కాబట్టి నాకు విడిగా కాల్చిన గుమ్మడికాయ, రొట్టె, ఏవో ఆకులు. నేను ముట్టలేదు. నాకు ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. అందరి ముందూ అడిగేశాను.

"చైతన్యా, నువ్వు తాగుతావా?"

సాహిత్య "అమ్మా" అంది. అతను దాన్ని ఆపాడు. నన్ను పీపాలున్న షెడ్డులోకి తీసుకెళ్లాడు. గ్లాసులో కొంచెం పోసి, నోట్లో పుక్కిలించి, పక్కనున్న బకెట్టులో ఉమ్మేశాడు.

"రోజుకు ఇరవై సార్లు ఇట్లా చేస్తాను అత్తయ్యా. మింగితే పని చేయలేను. చొక్కా మీద చిందుతుంది, అదే మీకు వాసన వస్తోంది. తాగుతావా అని అడిగారు. తాగుతాను. ఏడాదికి రెండు మూడు సార్లు, ఒక గ్లాసు. పోయిన క్రిస్మస్‌కు ఇక్కడ అందరితో తాగాను. మీరు అడిగాక అబద్ధం చెప్పలేను. సిరా అని ఒకసారి చెప్పాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

ఆ ఒక్క గ్లాసు మాటకు నాకు కోపం రావాలి కదా? రాలేదు. గుండె మీద నుంచి ఏదో దిగిపోయింది. సాహిత్య నాన్న పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా "తాగాను" అనలేదు. నిలబడలేని రోజున కూడా నా తల మీద చేయి పెట్టి "ముట్టలేదు, ఒట్టు" అనేవాడు. నన్ను చంపింది తాగుడు కాదు అన్నయ్యా, ఆ ఒట్లు. ఈ పిల్లవాడు నాకు నచ్చని నిజం నా ముఖం మీద చెప్పాడు. దానితో నేను బతకగలను.

బయటికి వచ్చి కడుపునిండా తిన్నాను. అప్పుడే పిండిన ద్రాక్షరసం ఇచ్చారు, ఇంకా పులియనిది, రెండు గ్లాసులు తాగాను. ఆ తోట యజమానురాలు డెబ్బయి రెండేళ్ల మనిషి, నా పులిహోర మూడుసార్లు వడ్డించుకుని డబ్బా ఖాళీ చేసింది. సాయంత్రం గాలి ఎక్కువై విమానం రాలేదు, పడవ మీద వచ్చాం. చైతన్య నా పక్కన కూర్చుని అరగంట నిద్రపోయాడు. అతని తల నా భుజం మీదికి వాలింది, నేను కదల్లేదు.

మనం భారతమ్మ గారికి పెద్ద అన్యాయం చేశాం. అసలు తప్పు నాది. ఆమెకు కూడా కొడుకు ఉద్యోగం మారిన సంగతి తెలియదట. మట్టి పని వద్దని చదివించిన తల్లికి చెప్పలేకపోయాడు. ఇప్పుడు చెప్దామన్నా వారం నుంచి ఆమె ఫోను ఎత్తడం లేదట. ఇక ఎవరి దగ్గరా దాచనని, అమ్మకు చెప్పమని నాకే అప్పగించాడు. నేను నీకు అప్పగిస్తున్నాను.

రాజ్యం

*

పెనుబల్లి,
12 మార్చి, బుధవారం

రాజ్యానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ వదిన దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. తర్వాత నాకు చొక్కా తెచ్చి ఇచ్చి, "ఫస్టు బస్సుకే పో" అంది.

నిన్న కల్లూరు వెళ్లాను. మెట్లు ఎక్కవద్దన్నది కదా, ఎక్కలేదు. కింద రోడ్డు మీద నిలబడ్డాను. దుకాణంలో మళ్లీ రైతులు ఉన్నారు, వాళ్లలో ఇద్దరు ఆ రోజు ఉన్నవాళ్లే. మంచిదే అనుకున్నాను.

"చెల్లెమ్మా, తప్పు నాది. పదిమందిల అన్న, పదిమందిలనే చెప్తున్న. నీ కొడుకు తాగుబోతు కాదు" అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను, తెలిసే.

ఆమె విత్తనాల ప్యాకెట్లు సర్దుకుంటూ కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక రైతు కుర్చీ తెచ్చి వేయబోతే వద్దన్నాను. చివరికి ఆమే వచ్చి చేయి చాపింది. ఫోనులో నీ ఉత్తరం తీసి ఇచ్చాను. నిలబడే చదివింది. వేలితో జరుపుకుంటూ, ఒక్కోచోట ఆగుతూ. చెప్పకుండా ఉద్యోగం మానేసిన చోట ముఖం ముడుచుకుంది. ఒక గ్లాసు తాగానన్న చోట పెదవి కొరుక్కుంది. నీ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడన్న చోట కొంగు కళ్లకు అద్దుకుంది.

"మట్టి వద్దని ఉన్న రెండెకరాలు కౌలుకిచ్చి సదివించిన. దేశం దాటిపోయి మల్ల మట్టిలనే దిగిండా!" అంది. తిడుతుందో మురుస్తుందో నాకు తెలియలేదు. కాసేపాగి, "ద్రాక్షకు బూజు తెగులు ఎక్కువ. వాళ్లు ఏం మందు కొడుతున్నరో రాయమను" అంది. రైతులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "ఎండల నిలబడ్డది చాలు, పైకి రా అన్నా" అంది.

ఇంక ఒక మాట ఉంది. దీవి గురించి నువ్వు రాసిన ఉత్తరం చదివాక ఇది నాలో ఉండనంటోంది.

నీ పెళ్లికి నెల ముందు మన మిల్లులో బస్తాలు మోసే దూలయ్య నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యా, మన పెండ్లికొడుకు సత్తుపల్లి బస్టాండ్ల సోయి లేకుండ పడి ఉండంగ చూసిన" అన్నాడు. నేను దూలయ్యనే కసిరాను. శుభలేఖలు పంచేశాం, నాన్నకు ఒంట్లో బాగాలేదు, పెళ్లయితే మారతాడులే అనుకున్నాను. నీకు చెప్పలేదు. ఇవాళ్టి దాకా చెప్పలేదు. భారతమ్మ దుకాణంలో అంత అరిచింది చైతన్య మీద కోపంతో కాదు రాజ్యం. ఇంకోసారి నా వల్లే జరిగిందన్న భయంతో.

నువ్వు ఏం అన్నా పడతాను.

మీ అన్నయ్య

*

ఆక్లండ్,
15 మార్చి, శనివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. మొదటి రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. ఇక్కడ ఇంటి చుట్టూ ఏడెనిమిది సార్లు తిరిగాను. సాహిత్య అడిగితే మోకాళ్ల కోసం నడుస్తున్నానన్నాను. దూలయ్య మాట నాకు చెప్పి ఉంటే నేను ఆ పెళ్లి వద్దనేదాన్నా? నిజం చెప్పాలంటే తెలియదు. ఇరవై అయిదేళ్ల ఆ పిల్ల ఏం అనేదో అరవయ్యేళ్లప్పుడు నేనెట్లా చెప్పగలను? ఆ పెళ్లి జరగకపోతే సాహిత్య లేదు. ఆ మాటతో నీ తప్పు మాఫీ చేయడం లేదు. నువ్వు చెప్పి ఉండాల్సింది.

రెండో రోజుకు కోపం పోయింది. ఈ ముప్పై అయిదేళ్లు నేను ఒక బరువు మోశాననే అనుకున్నాను గానీ, నువ్వు ఇంకోటి మోస్తున్నావని నాకు తెలియలేదు. నిన్న రాత్రి బాగా నిద్ర పట్టింది. నీకు కూడా పట్టి ఉంటే బాగుండునని లేవగానే అనుకున్నాను.

భారతమ్మ గారు అడిగిన మందుల పేర్లు చైతన్య రెండు పేజీలు రాశాడు, విడిగా పంపిస్తున్నాను. తల్లీకొడుకులు నిన్న గంటన్నర మాట్లాడుకున్నారు. మొదటి పది నిమిషాలు ఏడుపు, మిగతాదంతా బూజు తెగులు.

నేను ఏప్రిల్ ఇరవైన బయలుదేరుతున్నాను. ఇంకో సంగతి ఇప్పుడే తట్టింది. సాహిత్య నాన్న పోయినప్పటి నుంచి నువ్వు నా ఇంటికి ప్రతి వారం వచ్చావు. బియ్యమో, మామిడికాయలో గుమ్మంలో దించి, "పొలం కాడ పనుంది" అని వెళ్లిపోయావు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. పని ఉండే కాబోలు అనుకునేదాన్ని.

ఈసారి లోపలికి వచ్చి కూర్చో. టీ పెడతాను, చల్లారేదాకా ఉండి తాగి వెళ్లు.

నీ చెల్లెలు
రాజ్యం